పైపట్టీ లేని విండో

మౌస్‌తో పట్టుకుని కదిలించగానే విండో మళ్లీ ఎగిరింది. పట్టుకున్న చోటు వదిలేసి, దాని ఎడమ మూల వచ్చి బాణం కొసకు అతుక్కుంది. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

కంటి ఆసుపత్రి కౌంటరులో టోకెన్ నంబరు చూపించే చిన్న విండో అది. చూడ్డానికి బాగుంటుందని అంచులూ పైపట్టీ తీసేశారు. పట్టుకునేందుకు పట్టీ లేక అది తెర మధ్యలో, రోగుల పేర్ల మీద కూర్చుంది. సాయంత్రంలోగా కదలకపోతే మీ ప్రోగ్రామే వద్దన్నారు ఆసుపత్రివాళ్లు. "ఇది గట్టెక్కితే మీ సంగతి చూద్దాం బాబాయ్" అన్నాడు ఓనరు. ఆఫీసంతా ఆయన్ని బాబాయనే పిలుస్తుంది.

భార్య ఫోన్ చేసింది. "పనిలో ఉంచుతారటనా?"

"ఇంకా చెప్పలేదు. విండో జరుపుతున్నా."

"పొద్దుట్నుంచీ అదేనా? ఇంట్లో మంచం జరపమంటే మాత్రం నడుం పట్టేస్తుంది!"

ఆయన నవ్వి ఫోన్ పెట్టేశాడు. మంచాన్ని కోడు దగ్గర పట్టుకుంటే, జరిపినంతసేపూ చెయ్యి కోడు దగ్గరే ఉంటుంది. నొక్కిన చోటు మూలకి ఎంత దూరమో గుర్తుపెట్టుకుని, జరిపేటప్పుడు అంత దూరం తీసేయమని ప్రోగ్రాములో రాశాడు. ఈసారి విండో బుద్ధిగా వెంట వచ్చింది. ఆసుపత్రికి పంపాడు.

కౌంటరమ్మాయి ఫోన్ చేసింది. "ఇసుమంత కూడా కదల్లేదండీ!"

"ఎక్కడ పట్టుకున్నావమ్మా?"

"ఎక్కడేంటండీ, నంబరు మీద. విండో నిండా అదేగా ఉంది!"

ఆయన ఇంతసేపూ మూలనున్న కాస్త ఖాళీలో పట్టుకుని చూశాడు. నంబరు మీద నొక్కితే ఆ నొక్కు నంబరుకే అందుతోంది, విండోదాకా రావడం లేదు. దాన్ని కూడా విండోకు అందించేలా మార్చి మళ్లీ పంపాడు.

"హమ్మయ్య, జరిగింది! తాతగారూ, దొరికింది మీ పేరు, లోపలికెళ్లండి" అంది ఫోన్లోనే ఎవరితోనో.

సాయంత్రం ఓనరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"వాళ్లు ఒప్పుకున్నారు బాబాయ్. చాలా థాంక్స్."

"మరి నా సంగతి?"

"ఇదే ఆఖరిది. ఇంక మీకివ్వడానికి పనేం లేదు. ఏమన్నా వస్తే కబురు చేస్తాలెండి."

ఆయన తలూపాడు. కంప్యూటర్ ఆపాడు. కుర్చీని రోజూలాగే బల్ల కిందికి తోసి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

మౌస్ కింద, ఆయన భార్య పాత దుప్పటి కత్తిరించి అంచులు కుట్టిచ్చిన గుడ్డముక్క ఉండిపోయింది. మణికట్టు ఆనే చోట దాని రంగు పోయి, పోగులు మెత్తగా పైకి లేచి ఉన్నాయి.