పొన్నూరు బస్టాండు క్రీమ్ సోడా

భ్రమరాంబ మంచం మీద పెట్టె తెరిచి భర్త బట్టలు సర్దుతోంది. చొక్కాలు, పంచెలు, స్వెట్టర్లు, విమానంలో తగిలించుకోడానికి మాస్కులు, ముఖానికి అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు. కిటికీ పక్క కుర్చీలో సాంబశివరావు ఫోన్లో వార్తలు చదువుకుంటూ, తలెత్తకుండానే, "బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టు. వచ్చేటప్పుడు పెట్టె అడుగున పడేశావు," అన్నాడు. ఆమె మాత్రలు తీసి చేతిసంచిలో పెట్టింది. వచ్చేటప్పుడు కూడా అవి చేతిసంచిలోనే ఉన్నాయి. ఆ మాట మాత్రం అనలేదు.

పరాయిదేశంలో, శాండీఫోర్డ్‌లో ఉన్న కూతురింటికి ఫిబ్రవరిలో వచ్చారు, ఉగాదికల్లా బాపట్ల వెళ్ళిపోదామని. ఈలోపు కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. వీసా గడువు ఇక్కడి గవర్నమెంటే పొడిగిస్తూ పోయింది. అలా ఆగస్టు వచ్చింది. ఇన్నాళ్ళకి ప్రత్యేక విమానంలో ఇద్దరికీ సీట్లు దొరికాయి, ఎల్లుండి ప్రయాణం. "అల్లుడి తిండి ఇన్ని నెలలు తిన్నామని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా?" అని సాంబశివరావు రోజూ ఇడ్లీలు తింటూ బాధపడేవాడు. ఆ ఇడ్లీలకి పప్పు నానబోసింది, రుబ్బింది, వండింది, తిన్నాక ఆ పళ్ళెం కడిగింది భ్రమరాంబే. అల్లుడు రాజ్‌కిరణ్ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి వేళాపాళా లేకుండా వచ్చేవాడు. కూతురు అపర్ణ పడగ్గది తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు మీటింగుల్లో ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో వేళకి వేడివేడిగా అన్నం కావాలి. "అమ్మ ఉండబట్టి బతికిపోయామే," అని అపర్ణ ఫోన్లో స్నేహితురాళ్ళతో అంటుంటే, "దానికి మాత్రం వేరే పనేముందమ్మా?" అని సాంబశివరావు ఇవతల్నుంచి నవ్వేవాడు. ఆయన భ్రమరాంబ గురించే అంటున్నా, ఆమె ఎదురుగానే ఉన్నా, ఆ మాట ఎప్పుడూ కూతురికే చెప్పేవాడు.

మామూలుగా పెట్టె సర్దడమంటే భ్రమరాంబకి గుండెల్లో దడ. వెళ్ళొస్తామని చెప్పి వీధి మలుపు తిరిగి మళ్ళీ రాని మనుషులు ఆమెకి చాలామందే ఉన్నారు. అమ్మ అలాగే బస్సెక్కింది. చెల్లెలు అలాగే ఆటో ఎక్కి చెయ్యి ఊపింది. అందుకే ఎవరైనా గడప దాటుతుంటే వాళ్ళ వీపు కనబడినంతసేపూ చూస్తూ నిలబడుతుంది, తను కళ్ళు తిప్పితే ఏదో జరిగిపోతుందన్నట్టు. ఈసారి ఆ దడ కూడా రావడం లేదు. లోపలంతా సిగ్గు నిండిపోయి భయానికి చోటు లేకుండా పోయింది. తన పెట్టె గోడవార ఖాళీగా పడుంది. పక్కగదిలో మనవరాలు రుచిత ఉంది. నిన్నటినుంచీ ఆ పిల్ల తనతో మాట్లాడలేదు.

సోడా మిషను వల్లే ఇదంతా. స్కూళ్ళు మూసేశాక పిల్లకి తోచడం లేదని మే నెలలో రాజ్‌కిరణ్ తెప్పించాడు. చిన్న గ్యాసు సిలిండరు, ఒక సీసా, పైన నొక్కే మీట. రుచిత వీడియోలు చూసి నారింజ క్రీమ్ సోడా చేస్తానని కూర్చుంది. నారింజరసం, నిమ్మరసం, సోడా, పైన క్రీమ్. పొయ్యగానే క్రీమ్ విరిగి తరకలు తరకలుగా తేలింది. "ఇట్స్ మ్యాంకీ, అమ్మమ్మా," అని పిల్ల ముక్కు మూసుకుంది. సింకు దగ్గర గిన్నెలు తోముతున్న భ్రమరాంబ ఊరుకుందామనే అనుకుంది. చేతులు ఊరుకోలేదు.

"పులుపు తగిలితే పాలు విరక్కుండా ఉంటాయా? రసం కాదు, తొక్క కావాలి. ఆ ప్రెస్సులోంచి పంచదార డబ్బా తే," అంది. ఇక్కడ అలమరాని ప్రెస్సు అంటారని పిల్ల దగ్గరే నేర్చుకుంది. తెల్లభాగం తగలకుండా నారింజ తొక్క, రెండు నిమ్మకాయల తొక్క పైపైన గీకించి, పంచదారలో వేసి వేళ్ళతో నలపమంది. నలపగా నలపగా పంచదార తడిసి పచ్చబడింది. ఇల్లంతా ఘుమఘుమ. దాన్ని పాకం పట్టి చల్లార్చింది. నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే మీట ముట్టుకోనిచ్చింది, వెచ్చటి నీళ్ళు గ్యాసుని పట్టుకోవని చెప్పి. గ్లాసులో ఐసు, పాకం, సోడా. చివరికి చెంచా వీపు మీదుగా జారేటట్టు క్రీమ్. తెల్లటి పొర పైన నిలబడి, మెల్లగా దారాలు దారాలుగా కిందికి దిగింది. రుచిత తాగి, పైపెదవి మీద తెల్లమీసంతో, "హౌ డిడ్ యూ నో దట్?" అని అడిగింది.

"మా నాన్న నేర్పాడు. పొన్నూరు బస్టాండులో మాకు సోడాకొట్టు ఉండేది."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో భ్రమరాంబకే తెలియదు. పెళ్ళయ్యాక ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. కన్నకూతురికి కూడా తాతయ్య వ్యాపారం చేసేవాడని మాత్రమే తెలుసు. పిల్ల ఆవేళ వదల్లేదు. సోడా కొట్టే చక్రం ఎంత పెద్దది, గోలీ సీసాలోకి ఎలా వెళుతుంది, పేలదా, నీకు భయం వేసేది కాదా. భ్రమరాంబ చెప్పింది. నాన్న పేరు పున్నయ్య. ఎండాకాలం బస్సు ఆగితే కిటికీల్లోంచి చేతులే చేతులు. పెళ్ళిళ్ళకి క్రీమ్ సోడా చెయ్యమని ప్రత్యేకంగా చెప్పి వెళ్ళేవారు. ఎసెన్సు వాసన కాదు, తొక్క వాసన ఉండాలని ఆయన పట్టుదల. ఆరో క్లాసుతో బడి మానేసి ఆ తొక్కలు గీకింది తనే. కొట్టులో పాత పత్రికలు పొట్లాలకి చింపబోయే ముందు ఒక్కొక్కటీ చదివింది కూడా అక్కడే.

పిల్లకి చెప్పనివి వేరే ఉన్నాయి. పెళ్ళికూతురు అందంగా ఉందని సంబంధానికి ఒప్పుకున్న అత్తగారు శుభలేఖలో వియ్యంకుడి పేరు పక్కన 'వర్తకులు' అని వేయించింది. కొత్తకోడలు కాస్త గట్టిగా మాట్లాడితే, "గ్యాసు తగ్గించవే, సీసా పగిలేను," అనేది. బావగార్లు నవ్వేవారు. కోపం వచ్చి మొహం ఎర్రబడితే సాంబశివరావు, "గోలీ నొక్కారు, ఇక బుస్సుమంటుంది చూడండి," అనేవాడు. అది ముద్దుగా అన్నమాటేనని మొదట్లో ఆమె అనుకుంది. తరవాత్తరవాత బుస్సుమనడం మానేసింది. ఎవరైనా మామగారేం చేస్తారని అడిగితే తహసీల్దారు ఆఫీసు గుమాస్తా అయిన సాంబశివరావు గొంతు సవరించుకుని, "బిజినెస్," అనేవాడు. ఆ ఒక్క ముక్క వినబడినప్పుడల్లా భ్రమరాంబ కొంగు సర్దుకునేది, ఒంటి మీద ఏదో కనబడుతోందేమోనని.

భార్యాభర్తలిద్దరూ ఊరికి వెళ్ళిపోతున్నారని నిన్న ఆదివారం మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ల వెనక పచ్చికలో కుర్చీలు ఎడంగా వేసుకుని కూర్చున్నారు. పక్క బ్లాకులో ఉండే అనురాధ, ఆమె మామగారు కొండల్ రావు వచ్చారు. ఆయనదీ వీళ్ళ కథే. కరీంనగర్ నుంచి కొడుకుని చూడ్డానికి వచ్చి చిక్కుబడిపోయాడు. భ్రమరాంబ జగ్గు నిండా క్రీమ్ సోడా చేసి తెచ్చింది. కొండల్ రావు మాస్కు గడ్డం కిందికి లాగి ఒక గుక్క తాగి ఆగాడు.

"చెల్లెమ్మా, మస్తుగున్నది. చిన్నప్పుడు జాతరల తాగిన గిసుంటిది. యాడ నేర్చినవ్?"

ఆమె నోరు తెరిచేలోపే సాంబశివరావు అందుకున్నాడు. "యూట్యూబండీ. లాక్‌డౌన్లో ఆడవాళ్ళకి ఇంకేం పని?"

"నో, తాతయ్యా," అంది రుచిత. ఎంత గర్వంగా అందో. "అమ్మమ్మ వాళ్ళ డాడ్‌కి సోడా షాప్ ఉండేది. ఇన్ ద బస్ స్టేషన్. హి హ్యాడ్ ఎ బిగ్ వీల్."

సాంబశివరావు భార్య వైపు చూశాడు. చూశాడంతే. ఆ చూపుకి ఆమె ఎన్నేళ్ళుగానో అలవాటుపడి ఉంది. గ్యాసు స్టవ్ కట్టేసే చెయ్యిలా నోరు దానంతటదే కదిలిపోతుంది.

"మాది కాదమ్మా," అంది భ్రమరాంబ నవ్వుతూ. "మా ఊళ్ళో ఎవరిదో ఉండేదని చెప్పాను. నువ్వు సరిగ్గా విన్లేదు."

"బట్ యూ సెడ్..."

"రుచీ, డోంట్ మేక్ థింగ్స్ అప్," అంది అపర్ణ. "తాతయ్యకి సారీ చెప్పు."

పిల్ల అమ్మమ్మ మొహంలోకి చూసింది, ఇప్పుడైనా నిజం చెబుతుందేమోనని. భ్రమరాంబ జగ్గు మీది మూత సరిచేసింది. రుచిత సారీ చెప్పింది. చెవులు ఎర్రబడిపోయాయి. "పోనియ్యిండ్రి, పిల్లలు కతలల్లుతరు," అన్నాడు కొండల్ రావు. అబద్ధం చెప్పింది తను. క్షమాపణ అడిగింది తొమ్మిదేళ్ళ పిల్ల. పైగా తన మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉండిపోయిందని భ్రమరాంబకి ఆలస్యంగా తెలిసింది.

సర్దిన భర్త పెట్టె మూత వేసి ఆమె పక్కగదిలోకి వెళ్ళింది. రుచిత గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోకాళ్ళు పట్టుకుని నేలమీద కూర్చుంది భ్రమరాంబ.

"నువ్వు చెప్పిందే నిజం. నేను అబద్ధం ఆడాను."

గోడవైపు నుంచే, "వై?" అని వినబడింది.

"సిగ్గేసింది."

"ఆఫ్ యువర్ డాడ్?" పిల్ల ఇటు తిరిగింది. "వాజ్ హి బ్యాడ్?"

"చాలా మంచివాడు."

"దెన్ వై?"

అత్తగారని చెప్పొచ్చు, తాతయ్యని చెప్పొచ్చు. కానీ నిన్న ఆ పచ్చికలో అత్తగారు లేదు, ఆమె పోయి ఇరవయ్యేళ్ళయింది. తాతయ్య ఒక్క చూపు చూశాడంతే. నాన్నని కాదన్న నోరు తనదే.

సాయంత్రం కొండల్ రావు తలుపు కొట్టాడు. ఊరికి వెళ్ళేవాళ్ళ చేత ఏదో ఒకటి పంపకపోతే మనవాళ్ళకి తోచదు కదా. హైదరాబాదులో ఉన్న కూతురికి ఇమ్మని చాక్లెట్ల పొట్లం తెచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. సాంబశివరావు పొట్లం అందుకున్నాడు. అపర్ణ అప్పుడే మీటింగు ముగించుకుని వచ్చింది. భ్రమరాంబ రుచితని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరి మధ్యా నిలబెట్టింది.

"అన్నయ్యగారూ, నిన్న ఈ పిల్ల కతలల్లలేదు. పొన్నూరు బస్టాండులో సోడాలు కొట్టిన పున్నయ్య మా నాన్న. ఆ సోడా ఆయన నేర్పిందే. నిన్న నేనే అబద్ధమాడి, పిల్ల చేత సారీ చెప్పించాను."

కొండల్ రావు మాస్కు సర్దుకున్నాడు. "గిదే ముచ్చట నిన్ననే చెప్తే ఇంకో గిలాస అడుగుదును గద చెల్లెమ్మా," అని, రుచిత వైపు తిరిగి, "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాడు. "ఇట్స్ గ్రాండ్," అంది పిల్ల, పర్లేదన్నట్టు.

తలుపు మూసుకున్నాక సాంబశివరావు పొట్లం బల్లమీద పెట్టాడు. "అయిందా? వెళ్ళేముందు నా పరువు తియ్యడం ఒక్కటే మిగిలింది, అదీ అయింది. పుట్టుక ఎక్కడికి పోతుందిలే. అంత మోజుగా ఉంటే ఇక్కడే ఉండి సోడాలు కొట్టుకో."

ఇలాంటివి ఆయన చాలాసార్లు అన్నాడు. పుట్టింటికి పో అన్నాడు, వంట మానెయ్ అన్నాడు, నీ దారి నువ్వు చూసుకో అన్నాడు. ప్రతిసారీ ఆమె మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళేది, అది క్షమాపణ కింద చెల్లిపోయేది. ఇప్పుడూ ఆమె కాళ్ళు వంటింటి వైపే తిరిగాయి. పిల్ల చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది.

"సరేనండి. ఉంటాను."

"అమ్మా, ఏంటిది," అంది అపర్ణ.

"కూతురింట్లో, మొగుణ్ణి వదిలేసి ఒక్కదానివే ఉంటావా? సిగ్గు లేదూ?" అన్నాడు సాంబశివరావు.

"ఉందండి. దానితోనే కదా ఇన్నాళ్ళూ కాపరం చేశాను."

ఆయన నమ్మలేదు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేదాకా నమ్మలేదు. ప్రయాణం చేసేవాళ్ళని తప్ప లోపలికి రానివ్వలేదు కాబట్టి రాజ్‌కిరణ్ బయటే సామాను దించాడు. "పండక్కి నువ్వే వస్తావులే," అని సాంబశివరావు అద్దాల తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఆ వీపు కనబడినంతసేపూ భ్రమరాంబ చూస్తూ నిలబడలేదు. చూడాలని గుర్తొచ్చి తల తిప్పేసరికి అక్కడ ఎవరెవరో ఉన్నారు.

తరవాత ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. కుక్కర్లో నీళ్ళెన్ని, ఇంగువ ఎక్కడుంది, చారులో ముందు ఏమెయ్యాలి. ఎప్పుడొస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. ఆమె ఓపిగ్గా చెప్పేది. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు తేలికగా అనిపించేది, వెంటనే ఆ తేలికకి సిగ్గేసేది. చలికాలం ఆ రెండింటితోనే గడిచింది. వేసవికి విమానాలు మామూలుగా తిరిగితే ఆయన్నే ఇక్కడికి రమ్మని అల్లుడు టికెట్ తీశాడు. సరేనన్నాడు, రుచితకి మామిడితాండ్ర తెస్తానన్నాడు.

సాంబశివరావు తిరిగి రాలేదు. 2021 మే పదకొండు, మంగళవారం, గుంటూరులో ఒక ఆస్పత్రిలో కరోనాతో పోయాడు.