తడి ఆరని అట్ట

పాత అట్ట మీద కొత్త అట్ట పెట్టి భాగీరథి కిటికీ వెలుగుకు పట్టింది. ఒక చిల్లులోంచి మాత్రం వెలుగు రాలేదు. కొత్తదాంట్లో ఒకటి ఎక్కువ కొట్టారు. అలాగే మగ్గానికెక్కితే చీర పొడుగునా ప్రతి పువ్వులో అదే రేకు తప్పుతుంది. వడోద్‌లోని ఆ వలసకూలీల ఒంటిగదిలో, చీర మీది పువ్వును మగ్గానికి చిల్లులతో చెప్పే జకార్డు అట్టలు వరసగా దారంతో కుట్టడం ఏళ్లుగా ఆమె పని.

పక్కన చాప మీద కూతురు ప్రసన్న ఆయాసపడుతోంది. పుట్టినప్పటి నుంచి తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. కరోనా రెండో అల ముంచెత్తిన ఈ వేసవిలో రక్తమిచ్చేవాళ్లు ఆసుపత్రి గడప తొక్కడంలేదు. రక్తమిచ్చే మనిషిని వెతకడానికి భర్త నర్సింగం పొద్దున్నే వెళ్లాడు.

"నాది గూడ గిదే కథ అమ్మా," అంది ప్రసన్న. "పెయ్యిల కణం కణంల గీ అట్టలసొంటి రాత ఉంటది. అండ్ల ఒక్క అక్షరం మారితే చాలు, రక్తానికి కావాల్సిన ప్రొటీన్ సక్కగ తయారుగాదు."

భాగీరథి సూది ఆగింది. "నీ కడుపుల పాపమే" అని అత్త బాలవ్వ ఎప్పుడో అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

"గా తప్పు అట్ట ఎవలిదే? నాదేనా?"

"ఎవలికైనా రెండట్టలుంటయి. తప్పుది నీదొకటి, బాపుదొకటి. మీ ఇద్దరికి ఇంకోటి మంచిగుండె, పని నడిచింది. నాకు రెండూ తప్పుయే వచ్చినయి. ఎవ్వలు కావాలని కొట్టలేదే, పిచ్చిదానా."

"అయితే జర మైదా పెట్టి అతుకుదాం తియ్యి."

"పెయ్యంత గవే అట్టలు! ఎన్నిటికని అతుకుతవ్?" ప్రసన్న నవ్వబోయి దగ్గింది. తర్వాత తనే మైదా ముద్దలో వేలు ముంచి, కాగితం ముక్కను ఆ చిల్లు మీద అద్ది, అట్టను ఆరడానికి గోడకు ఆనించింది. అలసిపోయి తల్లి తొడ మీద తల పెట్టుకుంది.

ఫోన్ మోగింది. "ఒకాయన ఒప్పుకున్నడు," నర్సింగం గొంతులో సంతోషం పొంగుతోంది. "రిక్షా తెస్తున్న, బిడ్డను తయారు చెయ్యి."

"ఇన్నవా బిడ్డా? దొరికిండట."

ప్రసన్న కళ్లు మూసుకునే "ఊఁ" అంది.

నర్సింగం వచ్చాక లేపుదామని, కాలు తిమ్మిరెక్కినా కదల్చకుండా భాగీరథి కుడుతూనే ఉంది.

రిక్షా ఆగింది. "ప్రసన్నా, లే బిడ్డా," అన్నాడు నర్సింగం గుమ్మంలోంచి. ఆయాసం ఆగి, తొడ మీది తల బరువు మారి కొంతసేపయిందని భాగీరథికి తెలుసు. చేతిలోని సూదిని మాత్రం కింద పెట్టలేదు.

గోడకు ఆనిన అట్ట మీద కాగితం ముక్క ఇంకా ఆరలేదు. దాని నడుమ సన్నటి వేలిముద్ర ఉంది.