దయ్యాలకు కాఫీ దరువు

ఇంకాస్త దగ్గరికి జరిగి వినండి, గొంతు పెంచితే నాకు దగ్గొస్తుంది.

సివార్ నా పెద్దకొడుకు కూతురు. అమ్మాన్‌లో వీడియో గేములు తయారుచేసే చోట పని. రెండేళ్లుగా ఒకే ఆటతో తంటాలు పడింది. అందులో ఒక పిల్ల ఎడారిలో దయ్యాల మధ్య చిక్కుకుంటుంది. దాని చేతిలో కత్తి లేదు, తుపాకీ లేదు. శబ్దంతోనే వాటిని కొట్టాలి. గురువారం ఆఫీసు పెద్దవాళ్లకు చూపించాలి. నచ్చకపోతే ఆ ఆట మూలన పడ్డట్టే. ఆ బెంగతో కళ్ల కింద గుంటలేసుకుని, శనివారం పొద్దున్నే మా ఊరు కెరక్‌లో నా గుమ్మం ముందు దిగింది.

"నానమ్మా, పేలుళ్లు పెట్టాను, ఉరుములు పెట్టాను. ఆడినవాళ్లంతా చెవులు మూసుకుంటున్నారు. నీ రోకలి చప్పుడు కావాలి."

మా నాన్న కాఫీ గింజలు దంచిన కొయ్యరోలు నా దగ్గరే ఉంది. ఆయనకు మగపిల్లలు లేరు, అందుకే ఆ దరువు నా చేతికొచ్చింది. అంచు మీద రెండు దెబ్బలు, అడుగున ఒకటి.

సివార్ ఫ్రిజ్ ఆపేసింది, గడియారాన్ని దిండు కింద తోసింది, పిల్లికూనలా బొచ్చున్న మైకు నా ముందు నిలబెట్టింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, పక్కింటి ఉమ్ దాహిర్ తలుపు తోసుకుని వచ్చేసింది.

"ఎవరొచ్చారే? ఒక్కదానివే తాగేద్దామనా?"

"అత్తా, రికార్డు చేస్తున్నాం!" అంటూ సివార్ నెత్తి కొట్టుకుంది.

ఆవిడకు కాఫీ పోసి మళ్లీ మొదలుపెట్టాను. ఎదురింటి ముసలాయన చేతికర్రతో సహా దిగాడు. మూడోసారి ఆయన కోడలు, చంకలో బిడ్డ. మావాళ్లలో దంపుడంటే కాఫీకి రమ్మని పిలుపు; విని కూడా రాకుండా ఇంట్లో కూర్చుంటే మర్యాద కాదు. సాయంత్రానికి గింజలు అయిపోయాయి గానీ, సివార్‌కు కావలసిన చప్పుడు దొరికింది.

మర్నాడు ఆట చూపించింది. బొమ్మపిల్ల రోకలెత్తింది. నా దరువే! శబ్దం నీళ్లలో అలల్లా నాలుగువైపులా పాకింది. దయ్యాలు ముక్కలై రాలాయి.

నాకు ఒళ్లు మండింది. "సిగ్గులేదటే? పిలిచి కొడతావా?"

"అవి దయ్యాలు నానమ్మా! కొట్టకపోతే ఆటెలా అవుతుంది?"

"అయితే పిడుగేసి చంపు. ఇది మా నాన్న దంపుడు. మా బాబాయిని చంపినవాడే ఒకసారి ఇది విని మా డేరాకొచ్చి కూర్చున్నాడు. నాన్న దరువు తప్పకుండా చివరిదాకా దంచాడు. వాడి కప్పు నింపాడు. వాడు తాగి, చాలని కప్పు ఊపి, లేచి వెళ్లిపోయాడు. ఒక్కరూ వాడి మీద చెయ్యి వెయ్యలేదు."

సివార్ మూతి ముడుచుకుంది. ఆ మూతితోనే అడిగింది, "నీకు భయం వెయ్యలేదా?"

"వెయ్యకేం! నాన్న దరువు తప్పితే ఎవడో ఒకడు కత్తి తీస్తాడని దెబ్బలు లెక్కపెడుతూ కూర్చున్నాను."

అంతే, పిల్ల ఎగిరి నన్ను ముద్దుపెట్టుకుని గదిలో దూరింది. మూడు రోజులు అన్నం పళ్లెం లోపలికి పోవడమే గానీ మనిషి బయటికి రాలేదు.

గురువారం తెల్లారకుండానే బయల్దేరింది. మధ్యాహ్నం అమ్మాన్ నుంచి ఫోను.

"నానమ్మా! మా పెద్దాయనే ఆడాడు. దంచగానే దయ్యాలన్నీ మీదికొచ్చేసరికి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఆయన దరువు తప్పింది, అవి మింగేశాయి. నాలుగుసార్లు మింగేశాయి!"

"ఐదోసారి?"

"తప్పలేదు. అన్నీ చుట్టూ చేరి కూర్చున్నాయి. ఆయన కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత, 'పూర్తి చెయ్యమ్మా' అన్నాడు." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"వాటికి కాఫీ పోశావా?"

"పోశాను."

"ఏలకులేసి?"

"నానమ్మా, అది ఆట!"

"పిలిచినవాళ్లకు ఏలకులు లేకుండా పోశావా? ఇంటికి రా, చెప్తా నీ పని!"

ఇదీ సంగతి. గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు నన్ను కాస్త సన్నగా, సివార్‌ను కాస్త నెమ్మదస్తురాలిగా చూపించినా నేనేమీ అనుకోను.