మెమరీలో నాలుగు పేజీలు

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకబోతూ చిట్టి చెయ్యి మళ్ళీ గాల్లోనే ఆగిపోయింది. "ఏమ్మా, షాక్ కొట్టిందా?" అంది అత్తగారు, పేపర్లోంచి తలెత్తకుండానే. షాకైతే ఎంత బాగుండు, ఒక్కసారి కొట్టి ఊరుకునేది! ఇది మూడేళ్ళుగా కొడుతూనే ఉంది. మిక్సీదైనా, ఫ్యానుదైనా, ఏ ప్లగ్గు మీద చెయ్యి వేసినా సరే, కళ్ళ ముందు చిన్న నీలం తెర వెలుగుతుంది. దాని మీద ఒకటే అంకె. నాలుగు.

చిట్టి మొగుణ్ణి ఊళ్ళో అందరూ ప్రింటర్ల డాక్టరంటారు. మిషను విప్పేది చిట్టి, తుడిచేది చిట్టి, గోళ్ళ సందుల్లో ఎన్నిసార్లు రుద్దినా పోని సిరా చిట్టిది. కౌంటర్లో కూర్చుని "అయిపోయింది సార్, తీసుకెళ్ళండి" అనేది మాత్రం డాక్టరు. జీతం మాటెత్తితే "ఇంటి పనికి జీతమేంటే?" అని నవ్వుతాడు. అత్తగారిది ఇంకో పాట. "నీడపట్టున కూర్చుని చేసే పని, అదృష్టవంతురాలివి!" ఇంటిల్లిపాదికీ వండి వార్చి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి ఆ నీడపట్టుకి చేరేసరికే నడుం విరిగిపోతుందని ఆవిడకి ఎవరు చెప్పాలి?

ఆ నాలుగు సంగతి ఇదీ. టైపిస్టక్క అని ఒకావిడ, ఇంటి ముందుగదిలోనే టైపు పనులు చేస్తుంది. మూడేళ్ళ కిందట ఆవిడ ప్రింటర్ అచ్చు వెయ్యడం మానేసిందంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళారు. అక్క లోపల వీళ్ళకి టీ పెడుతోంది. ఆ మిషనుకి ఫ్యాక్స్ కూడా వస్తుంది. సిరా లేనప్పుడు వచ్చిన కాగితాలు మెమరీలో కూర్చుని కాచుకుని ఉంటాయి. కరెంటు తీశామా, అంతే సంగతులు, మళ్ళీ దొరకవు. తెర మీద స్పష్టంగా ఉంది, మెమరీలో నాలుగు పేజీలని. పంపింది పక్క ఊరి శిక్షణ కేంద్రం. "ఉండండి, ఇందులో ఏవో ఉన్నాయి" అంది చిట్టి. "నీకన్నీ అనుమానాలే. పీకెయ్, అవతల ఆఫీసువాళ్ళు ఎదురు చూస్తున్నారు" అన్నాడు డాక్టరు. పీకేసింది. తెర ఆరిపోయింది. అంతలోనే అక్క టీ తెచ్చి, కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. "శిక్షణ కేంద్రంలో టీచరు పనికి అర్జీ పెట్టుకున్నా. జవాబు దీనికే వస్తుంది, కాస్త జాగ్రత్త." చిట్టి టీ గ్లాసు కింద పెట్టేసింది. బయటికొచ్చాక డాక్టరు ఒకటే మాటన్నాడు. "నోరు మెదిపావో, షాపు పరువు మంటగలుస్తుంది."

మళ్ళీ పంపుతారులే అనుకుంది చిట్టి. పంపలేదు. అప్పటినుంచి ఏ మిషను దగ్గరికెళ్ళినా ముందు తెర చూస్తుంది. మెమరీలో ఏమైనా ఉంటే సిరా నింపి, అచ్చు తీసి, రాత కనబడకుండా బోర్లించి, కవర్లో పెట్టి అతికించి, సొంతదారు చేతికే ఇస్తుంది. చదవదు. మొత్తం చెరిపెయ్యమంటే వాళ్ళ ఎదురుగానే చెరుపుతుంది. "దీనికి మెమరీ పిచ్చి పట్టింది" అని డాక్టరు వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వుతాడు. ఆయనకేం, నవ్వుతాడు. అచ్చు కాని ఆ నాలుగు కాగితాలూ ఆమె తలలో ఒకదాని వెనక ఒకటి బయటికొస్తూనే ఉంటాయి, అన్నీ తెల్లగా.

ఇవాళ అదే మిషను మళ్ళీ మొరాయించింది. చిట్టి ఒక్కతే వెళ్ళింది. ఈసారి తెర మీద రెండు పేజీలు. ఫోన్ మోగింది, డాక్టరు.

"ఇంకా అక్కడేనా? ప్లగ్గు పీకి పట్టుకొచ్చెయ్."

"పీకను. మెమరీలో కాగితాలున్నాయి."

"ఎవడికి కావాలే అవి!"

ఫోన్ పెట్టేసి సిరా మార్చింది. గడ్డకట్టిన సిరాని తడిగుడ్డతో ఓపిగ్గా తుడిచింది. రెండు కాగితాలూ వచ్చాయి. కవర్లో పెట్టి అతికించి అక్కకిచ్చింది.

"ఎందుకే ఇంత జాగ్రత్త? ఏ ప్రకటనో అయ్యుంటుంది." అక్క నవ్వింది. "నాకెవరు పంపుతారు? ఆ శిక్షణ కేంద్రంవాళ్ళు లేదన్న ముక్క కూడా రాయలేదు. ఫోన్ చేసి అడుగుదామంటే మా ఆయన, 'నీ మొహానికి జవాబు కూడానా? అడిగి మరీ కాదనిపించుకుంటావా?' అన్నారు. నిజమేలే అనుకున్నా. మళ్ళీ ఎక్కడా అర్జీ పెట్టుకోలేదు."

నిజమేలే. ఆ మాట చిట్టి గుండెలో గుచ్చుకుంది. మూడేళ్ళుగా ఈ మనిషి తనని తాను ఎందుకూ పనికిరానిదని అనుకుంటోంది, చిట్టి మూలంగా. డాక్టరు కేకలూ, అత్తగారి సణుగుడూ, షాపు పరువూ అన్నీ గుర్తొచ్చాయి. ఏమన్నా కానీ అనుకుంది.

"జవాబొచ్చిందక్కా. అప్పుడే వచ్చింది. నువ్వు మాకు టీ పెడుతున్నప్పుడు మెమరీలోనే ఉంది. తెర మీద వాళ్ళ పేరు చూశాను. చూసి కూడా ప్లగ్గు పీకాను. మా ఆయన పీకమన్నారు, కానీ పీకింది నేనే. చెప్పొద్దన్నారు, చెప్పకుండా ఉన్నదీ నేనే."

అక్క కుర్చీలో కూలబడింది. తిడుతుందని చూసింది చిట్టి. చెంప పగలగొడుతుందేమో, కొట్టినా బాగుండు అనుకుంది. ఫోన్ మళ్ళీ మోగుతోంది, ఇద్దరూ దాని వంక చూడలేదు. ఊళ్ళోవాళ్ళ అర్జీలూ జవాబులూ ఇరవై ఏళ్ళుగా టైపు చేసిన మనిషి అక్క. చేతిలోని కవరు అంచు వేళ్ళతో తడుముతూ అడిగింది.

"ఎన్ని పేజీలు?"

"నాలుగు."

అక్క వేళ్ళు కవరు అంచు మీద ఆగిపోయాయి.

"వద్దని చెప్పడానికి నాలుగు పేజీలు అక్కర్లేదే, చిట్టీ."