కుంకుమ కాని ఎరుపు

నేను ఒక బోల్టుని. పొడవు మీ చూపుడువేలిలో రెండు కణుపులంత. టొమాటోలను, కూలికి పోయే ఆడవాళ్ళను, అప్పుడప్పుడు గొర్రెలను మోసే ఒక పికప్ బండికి ముందు ఎడమ చక్రాన్ని పట్టుకుని ఉండటం నా పని. ఆ పనిలో మేము అయిదుగురం. మమ్మల్ని మీరు చూసి ఉండరు. బండిని చూసేవాళ్ళు అద్దాలు చూస్తారు, హారన్ మోగించి చూస్తారు, వెనక రాసిన అక్షరాలు చదువుతారు. చక్రం మధ్యలో గుండ్రంగా నిలబడిన నట్ల వంక ఎవరూ చూడరు. వాటి లోపల ఉండే మా వంక అసలే చూడరు. చూడవలసి వచ్చిన రోజు ఎవరికీ మంచి రోజు కాదు.

ఎర్రగా కాగిన కడ్డీ నుంచి నన్ను తెంచారు. ఒక చివర అణిచి తల చేశారు, తల కింద పళ్ళు పెట్టారు, రెండో చివర మరలు తీశారు. ఆ తరువాత నూనెలో ముంచారు. ఒక్కసారిగా చల్లారిన ఆ క్షణంలోనే నాలో భయం గట్టిపడిందనుకుంటాను. అప్పటినుంచి అది నన్ను వదల్లేదు.

మా బలం గురించి మనుషులు పొరబడుతుంటారు. బండి బరువంతా బోల్టులే మోస్తాయనుకుంటారు. మేము చేసేది ఒక్కటే. నట్టు బిగిసినప్పుడు వెంట్రుకవాసి సాగి, చక్రాన్ని ఇరుసు చివర ఉండే హబ్బుకు అదిమి పట్టుకుంటాం. ఆ అదుముడే బరువు మోస్తుంది. అది సడలితే చక్రం కదలడం మొదలుపెడుతుంది. తిరిగిన ప్రతిసారీ మా మెడ మీద ఒక దెబ్బ వేస్తుంది. ఇనుము కూడా అలిసిపోతుంది. అలిసిన సంగతి ముందుగా చెప్పదు. విరుగుతుంది, అంతే.

నా మొదటి యజమాని పాలకేంద్రం నడిపే పెద్దాయన. వారానికోసారి చిన్న సుత్తి పట్టుకుని చక్రం చక్రానికీ కూర్చుని, ఒక్కో నట్టును తట్టి చెవి పెట్టి వినేవాడు. బిగిసిన నట్టు గంటలా మోగుతుంది, వదులైనది మట్టిముద్దలా పలుకుతుంది. ఆయనకు ఆ తేడా తెలుసు. మోకాళ్ళు వంగనని మొరాయించాక ఆయన బండి అమ్మేశాడు. కొన్న మనిషికి తాళాలు ఇచ్చాడు, కాగితాలు ఇచ్చాడు. సుత్తి ఇవ్వడం మరిచిపోయాడు.

కొన్న మనిషి పేరు మునిరత్నం. కనుమకు పైనున్న ముళ్ళగూరు అతని ఊరు. పొద్దున్నే పద్దెనిమిది మంది ఆడవాళ్ళను బండిలో ఎక్కించుకుని, కనుమ దిగి, కింది టొమాటో తోటల దగ్గర వదులుతాడు. వాళ్ళలో అతని భార్య కస్తూరి కూడా ఉంటుంది. సాయంత్రం అందరినీ మళ్ళీ పైకి తెస్తాడు. మంచివాడు, బీడీ కూడా కాల్చడు. బండి అంటే ప్రాణం. ప్రతి ఆదివారం చెరువు గట్టున నిలబెట్టి కడుగుతాడు. కనిపించేదంతా కడుగుతాడు.

అతని చేతికి వచ్చాక టైరు పంక్చరైనప్పుడల్లా మాకు గండమే. మలుపు దగ్గర పంక్చర్లు వేసే మనిషి స్పానరు పిడికి పొడవాటి గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి ఊగేవాడు. మేము ఎంత గట్టిగా మూలిగితే అంత బాగా బిగించినట్టు అతని లెక్క. అలా ఊగి ఊగి నా మరలు రెండు చోట్ల చీల్చాడు. నా పక్కవాడి మెడ కాస్త వంచాడు. అయినా పట్టు వదలకుండా ఉన్నాం.

మమ్మల్ని నిజంగా దెబ్బ తీసింది ప్రేమ.

దసరాకు ముందురోజు మునిరత్నం నాలుగు చక్రాలూ విప్పి పసుపు రంగు వేశాడు. చక్రం బయటి వైపు వేసి ఊరుకుంటే సరిపోయేది. డబ్బాలో రంగు మిగిలింది కదా అని చక్రం హబ్బుకు ఆనుకునే లోపలి వైపు కూడా దట్టంగా పూశాడు. నట్లకూ పూశాడు. మధ్యాహ్నానికి ఎండ తగ్గింది, రంగు ఆరలేదు. తెల్లారితే పూజ, ఆ వేళకు బండి చక్రాల మీద నిలబడాలి. పచ్చిరంగు మీదే బిగించేశాడు. మా చక్రానికీ హబ్బుకూ మధ్య మెత్తని రంగు పొర మిగిలిపోయింది. అది ఆరి, నలిగి, రాలితే మా పట్టు ఏమవుతుందో నాకు అప్పుడే తెలిసింది. చెప్పడానికి నోరు లేదు.

మరునాడు కస్తూరి తలస్నానం చేసి వచ్చి చక్రాలకు బొట్లు పెట్టింది. కుడి వైపు రెండూ అయ్యాయి, వెనక ఎడమది అయింది. మా దగ్గరికి వచ్చేసరికి భరిణె అడుగంటింది. వేలితో గీకి చూసి, ఏమీ రాక, మాకు పసుపు మాత్రమే అద్ది లేచిపోయింది. మునిరత్నం అప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే హడావిడిలో ఉన్నాడు. గమనించలేదు.

ఆ తరువాత పదిహేను రోజులు నేను బతికిన బతుకు పగవాడికి వద్దు.

రంగు పొర నలగడం మొదలైంది. మూడో రోజుకు చక్రం కదిలింది. ముందు గోటి అంచంత. కనుమ దిగుతున్నప్పుడు మలుపు మలుపుకూ అది మా మెడల మీద పడేది. పైన పద్దెనిమిది మంది నవ్వుకుంటూ, ఒకరి టిఫిన్ డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టుకుంటూ కూర్చుని ఉండేవాళ్ళు. ఎడమ వైపు లోయ. మేము ఉన్నదీ ఎడమ వైపే. ప్రతి పొద్దున వాళ్ళు ఎక్కుతుంటే బరువును బట్టి లెక్కపెట్టేవాడిని. పద్దెనిమిదో మనిషి ఎక్కేదాకా, ఈ రోజు ఒకరైనా తక్కువగా ఉంటే బాగుండునని కోరుకునేవాడిని.

ఇనుము మీద ఇనుము రాసుకుంటే పొడి రాలుతుంది. అది వానకు తడిస్తే ఎర్రబారుతుంది. ఆ ఎరుపు ఒక్కో నట్టు కింద నుంచి గీతలుగా బయటికి పాకింది. పసుపు రంగు చక్రం మీద అయిదు ఎర్రని గీతలు. మేము వేసిన కేకలు అవి. బోల్టుకు అంతకంటే వేరే గొంతు లేదు.

ఆదివారం మునిరత్నం బండి కడుగుతూ ఆ గీతలు చూశాడు. పూజకు పెట్టిన కుంకుమ వానకు కారిందనుకున్నాడు. బొట్టు తుడవకూడదు కదా. భక్తిగా ఆ మేర వదిలి చుట్టూ కడిగాడు. ఆ రోజు నాకు కలిగిన భయం లోయను చూసినప్పుడు కూడా కలగలేదు.

పన్నెండో రోజు మా అయిదుగురిలో ఒకడు తెగిపోయాడు. నట్టుతో సహా రోడ్డు పక్క గడ్డిలో పడ్డాడు. మునిరత్నం ఆ ఖాళీ చూశాడు. స్పానరు తెచ్చి మిగతా నట్లు తిప్పి చూశాడు. రంగూ తుప్పూ చీలిన మరలూ కలిసి బిగుసుకుపోవడంతో మేము మెదల్లేదు. మెదలకపోతే గట్టిగా ఉన్నట్టు అనుకున్నాడు. నాలుగుండాయి కదా, శుక్రవారం మెకానిక్ దస్తగిరి దగ్గర వేయించుకుంటానని కస్తూరికి చెప్పాడు. మనుషులు పోయినదాన్ని కాక మిగిలినవాటిని లెక్కపెట్టుకుంటారు. అది వాళ్ళకు ధైర్యం ఇస్తుంది. మాకు ఇవ్వదు.

గురువారం పొద్దున సన్నగా తుంపర. కనుమ మొదట్లో ఒక చిన్న గంగమ్మ రాయి ఉంది. దిగే బండి ఏదైనా అక్కడ ఆగాలి. డ్రైవరు కర్పూరం వెలిగిస్తాడు, ఎక్కినవాళ్ళు దిగి దండం పెట్టుకుంటారు. రోజూ జరిగేదే. ఆ రోజు కూలి జట్టుకు పెద్దదైన గంగులమ్మ కాళ్ళు తిమ్మిరెక్కి, దండం పెట్టుకున్నాక మా చక్రం మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఎర్ర గీతలు చూసి కస్తూరిని పిలిచి ఎకసక్కెమాడింది.

"ఏమే కస్తూరీ, మీ ఆయన బండికి మా అందరికంటే బొట్లు ఎక్కువుండాయే. చీర కూడా కట్టకపోయినావా."

ఆడవాళ్ళు నవ్వారు. కస్తూరీ నవ్వింది. నవ్వుతూనే వంగి చూసింది. ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. గీత మీద వేలు రాసి, వేళ్ళ మధ్య నలిపింది. గరగరలాడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమయ్యా, ఇట్లా రా," అంది. గొంతు పెద్దది చేయలేదు. "ఈ చక్రానికి నేను కుంకుమ పెట్టలేదు."

మునిరత్నం అగ్గిపెట్టె జేబులో వేసుకుంటూ వచ్చాడు. పూజ రోజు పెట్టింది మరిచిపోయినట్టున్నావని అన్నాడు.

"మూడింటికే పెట్టినా. దీనికి వచ్చేసరికి భరిణె ఖాళీ. పసుపే పూసినా. ఈ ఎరుపు నాది కాదు."

అతను చక్రాన్ని రెండు చేతులతో పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కుమంది. ఇంకోసారి ఊపాడు. మళ్ళీ టక్కుమంది. నా పక్కవాడి నట్టును వేళ్ళతో పట్టుకోగానే, నట్టూ బోల్టు ముక్కా కలిసి అతని చేతిలోకి వచ్చేశాయి. అతను దాన్ని చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. కింద పదకొండు మలుపులు ఉన్నాయి. గంగులమ్మ మెల్లగా తన చెయ్యి చక్రం మీద నుంచి తీసేసింది.

ఆ తరువాత ఆవిడే తేరుకుని, టిఫిన్ డబ్బాలు దించుకోండని జట్టుకు చెప్పింది. బండి బాగైనా ఈ పూట నడిచే దిగుతామంది. మునిరత్నం తల ఎత్తలేదు, సరేనన్నాడు. కస్తూరి ఒక్కతే ఆగిపోయింది.

ఫోను అందుకున్న దస్తగిరి మోటారుసైకిలు మీద కొత్త బోల్టులు సంచిలో వేసుకుని వచ్చాడు. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, చక్రం విప్పాడు. బ్రేకు భాగం ఊడదీసి, దాని నూనె గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడగట్టాడు. లోపలి రంగు పెచ్చులు గోటితో రాల్చి చూపించాడు.

"కనపడేకాడ ఎంతైనా పూసుకోన్నా. ఆనుకునేకాడ ఇనుముకు ఇనుమే తగలాల."

మునిరత్నం రెండు కొత్తవి వేస్తే చాలు కదా అన్నాడు. దస్తగిరి ఒప్పుకోలేదు. "ఆ రెండూ మోయని బరువు ఈ మూడే మోసినాయి. ఇవి చూసేదానికి బాగుండాయి, అంతే." నా గురించి అంత సరిగ్గా మాట్లాడిన మనిషిని నేను ఎరగను.

హబ్బును తిప్పి, నా చివర మీద సుత్తి పెట్టాడు. మొదటి దెబ్బకు వణికాను. ఇన్నాళ్ళూ బతికిన రంధ్రం అది. అది లేకపోతే నేనెవరిని? మూడో దెబ్బకు వెనక్కి జారి మట్టిలో పడ్డాను. కస్తూరి నన్ను తీసి కొంగుతో తుడిచింది. నా మెడ చుట్టూ సగం దాకా ఒక సన్నని పగులు. ఆమె దాన్ని గోటితో తడిమి చూసింది. ఇంకెన్ని మలుపులు ఆగేవాడినో నాకూ తెలియదు.

కొత్తవాళ్ళు అయిదుగురూ మా చోట్లలో కూర్చున్నారు. దస్తగిరి స్పానరుకు గొట్టం తొడగలేదు. ఒకటి బిగిస్తే దానికి ఎదుటిది, ఆ తరువాత దానికి ఎదుటిది, కొంచెం కొంచెంగా బిగించాడు. కనుమ దిగాక ఆగి మరోసారి బిగించమన్నాడు.

కస్తూరి బండి ఎక్కి మునిరత్నం పక్కన కూర్చుంది. నన్ను గుప్పిట్లో పట్టుకుంది. ఎనిమిదో మలుపు దగ్గర జట్టును కలుసుకున్నాం. ముందు ఆడవాళ్ళు డబ్బాలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు, వెనక ఖాళీ బండి వాళ్ళ అడుగుల వేగంతో దిగుతోంది. అతను హారన్ కొట్టలేదు. ప్రతి మలుపులో ఆమె గుప్పిలి బిగిసింది. నా జీవితంలో నన్ను అంత గట్టిగా బిగించింది ఏ స్పానరూ కాదు.

ఇప్పుడు నేను బండి ముందు అరలో, దేవుడి పటం కింద ఉంటాను. మలుపుల్లో దొర్లుతాను. నేను దొర్లిన చప్పుడు వినగానే మునిరత్నం కాలు బ్రేకు మీదికి పోతుంది. పొద్దున ఆడవాళ్ళు ఎక్కేముందు నట్టు నట్టునూ తట్టి వింటాడు. సుత్తి కొత్తదే, చెవి ఇంకా పాతబడాలి. అతను తట్టడం మరిచిన రోజు గంగులమ్మ ఎక్కకుండా చేతులు కట్టుకుని నిలబడుతుంది. కొత్తవాళ్ళు బాగానే మోగుతున్నారు. అయినా నాకు భయం పోలేదు. పోకపోవడమే మంచిదనుకుంటున్నాను.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి మునిరత్నం చక్రాలకు రంగు వేయలేదు. కస్తూరి నిండు భరిణె తెచ్చుకుని, ముందుగా మా ఎడమ చక్రం దగ్గరే కూర్చుంది. నాలుగు చక్రాలూ అయ్యాక తలుపు తీసి, అరలో నుంచి నన్ను తీసి, పగులు మీద ఒక బొట్టు పెట్టింది.

వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. అది కుంకుమే.