చిల్లుపడ్డ కవాకవా ఆకులు

ల్యాబ్‌లో ప్రాజెక్ట్ హెడ్ ఉదయభాస్కర్ గాజుపళ్లేన్ని వెలుతురుకు ఎత్తి చూసి, దాన్ని తెచ్చిన హేమశ్రీ వైపు పురుగును చూసినట్టు చూశాడు. ఆ చూపంటేనే ఆమెకు ఒళ్లు మంట. పళ్లెం నిండా బాక్టీరియా మీగడలా పరుచుకుంది. కవాకవా ఆకు సారం పట్టించిన కాగితపు బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి, తేటగా ఒక వలయం కనబడాలి. అది లేదు.

"ఎక్స్‌ట్రాక్ట్ పాడు చేశావ్. నెలాఖరుకి నీ కాంట్రాక్ట్ అయిపోతోంది కదా, రెన్యూ చేయమని నేనైతే రాయను."

పాడు చేసింది ఆమె కాదు. న్యూజిలాండ్‌లోని ఈ పామర్‌స్టన్ నార్త్ శివార్లలో హుహానా ఆంటీ అనే మావోరీ తెగ పెద్దావిడ తన స్థలంలో ఆకులు కోసుకోనిచ్చింది. పురుగు తిని చిల్లులు పడ్డవే మందుకు పనికొస్తాయని మరీ చెప్పింది. ఈ మహానుభావుడు నవ్వాడు. కవాకవా చూడ్డానికి ఇంచుమించు తమలపాకే కదా, తాంబూలానికి ఏరినట్టు మచ్చలేని ఆకులే సంచిలో వేయించాడు. "చిల్లాకు మా ఇళ్లలో ఎవరి చేతిలోనూ పెట్టరు" అంటూ హేమశ్రీ కోసిన గుప్పెడు ఆకుల్నీ ఆవిడ కళ్లముందే నేలపాలు చేశాడు. ఆంటీ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. హేమశ్రీకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఒక్కతే వెళ్లి, క్షమాపణ చెప్పుకుని, చిల్లుల ఆకులు అడిగి తెచ్చుకుంది.

ఇప్పుడు రెండో పళ్లెం ఆయన ముందు పెట్టింది. కోపంగా మూత తీసింది.

"ఎడమవైపు బిళ్ల మీ నున్నటి ఆకు సర్. మధ్యది ఆకు నానబెట్టని ఉత్త ఆల్కహాల్. కుడివైపుది చిల్లుల ఆకు."

మొదటి రెంటి చుట్టూ ఏమీ లేదు. మూడోదాని చుట్టూ రూపాయి బిళ్లంత వలయం తేటగా మెరుస్తోంది. ఆయన మొహంలో సిగ్గేమీ కనబడలేదు, ఆశ కనబడింది.

"గుడ్. చిల్లుల ఆకులే సెలెక్ట్ చేశామని రిపోర్ట్‌లో రాద్దాం. ఒక్క ప్లేటుతో ఎవరూ నమ్మరు. రేపెళ్లి ఒక సంచెడు కోసుకురా."

"ఇక ఆంటీ నాకు ఇవ్వదు సర్. పారేసినాయన వచ్చి, పారేసిన చోటే నిలబడి అడగాలట."

"ప్రాజెక్ట్ నాదని చెప్పలేదా?"

"చెప్పాను. చెప్పాకే ఆ మాట అంది." హేమశ్రీ పళ్లెం మూత పెట్టి తన వైపు లాక్కుంది. "ముందు నా రెన్యూవల్ రాయండి. ఆంటీ ఇంటికి కారు నేనే డ్రైవ్ చేస్తాను."