చక్రాలకు పట్టిన తెల్ల తెగులు

"ఆ చువ్వల సందుల్లో కూడా తోము. రేపు ఫాదర్ వంగి చూస్తాడు" అన్నాడు ఫ్లోరియాన్, మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చుని.

అతని భార్య బ్రిగీదా పాత టూత్‌బ్రష్షు పట్టుకుని కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. మురికైతే తోమితే పోతుంది, ఇది మురికి కాదు. అల్యూమినియంతో చేసిన అల్లాయ్ చక్రం మీది మెరుపు పూత కింద వానపాములు పాకినట్టు తెల్లటి చారలు. వేలితో నొక్కితే పూత పొక్కులా లేస్తోంది. లోపల్నించి లోహాన్ని తినేస్తున్న ఉప్పు అది. ఈ కొండల్లో మంచు పడగానే రోడ్లన్నిటి మీదా ఉప్పు చల్లుతారు. బుద్ధున్నవాడెవడైనా అల్లాయ్ చక్రాలు విప్పి లోపల దాచి, వసంతం దాకా నల్ల ఇనప చక్రాలతో నెట్టుకొస్తాడు. ఫ్లోరియాన్ మాత్రం జనవరిలో చెల్లెలి కొడుకు జ్ఞానస్నానానికి ఆ మెరుపు చక్రాలే తగిలించుకుని బయల్దేరాడు. "ఇనప చక్రాల మీద వెళ్ళడానికి నేనేమైనా బంగాళదుంపలు అమ్ముకునేవాణ్ణా?" అన్నాడు. పాడైపోతాయండీ అని ఆమె అంటే, "చక్రాల సంగతి నాకొదిలెయ్. సూపులో ఉప్పెంత వెయ్యాలో అది చూసుకో చాలు" అన్నాడు.

మే నెలలో అతని పేరు పండుగ, అంటే అతని పేరున్న సెయింట్ రోజు, వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. తెల్లవారుజాము నుంచీ ఉడికించి, వేయించి, వడ్డించి బ్రిగీదా కాళ్ళు వాచిపోయాయి. అప్పటికి తెల్ల తెగులు అందరి కంటా పడింది. ఎవరో అడగనే అడిగారు. ఫ్లోరియాన్ గ్లాసు పైకెత్తి, "మా ఆవిడ జర్మనీ వెళ్ళి ముసలాళ్ళ ముడ్లు కడగడం నేర్చుకుంది గానీ, మొగుడి కారు కడగడం నేర్చుకోలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు గెనొవేఫా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. బ్రిగీదా కూడా నవ్వింది. చేతిలో వడ్డించే గిన్నె ఉంది మరి, ఏం చేస్తుంది? ఆ రాత్రి ఆ గిన్నె తోముతుంటే తన నవ్వు మీదే తనకి అసహ్యమేసింది. ఆ కారు కొన్నది ఆ ముసలాళ్ళని కడిగిన చేతులే. ఎన్నో చలికాలాలు పరాయి ఊళ్ళో, పరాయి మంచాల పక్కన, ఎవరి తల్లినో పసిపిల్లలా ఎత్తి దించి సంపాదించింది. కాగితాల మీద పేరు మాత్రం ఫ్లోరియాన్‌ది. "మగాడి పేరు లేకపోతే నలుగురూ ఏమనుకుంటారే?" అంది అత్తగారు. స్టుట్‌గార్ట్ ట్రాఫిక్‌లో తను చూసుకున్న ముసలావిడ పెద్ద కారును ఆడుతూ పాడుతూ నడిపిన మనిషి, ఇక్కడ గుడ్ల అట్టలు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చోవాలి. ముందు సీటు అత్తగారిది. కడుగుడు ఒక్కటే బ్రిగీదాది.

ఇప్పుడు ఆమె బ్రష్షు పక్కన పెట్టి చక్రం దగ్గర్నించి లేచింది. "ఇది తోమితే పోయేది కాదండీ. టౌన్లో ఇచ్చి, పూతంతా గీకించి, అరగదీయించి, మళ్ళీ పూత వేయించాలి. అందాకా ఇనప చక్రాలు వేసుకుందాం."

"రేపు కార్ల దీవెనకి ఇనప చక్రాలతో వెళ్ళమంటావా? మొదటి బండి మనది."

ప్రయాణికుల్ని కాచే సెయింట్ క్షిష్టోఫ్ పండుగకు, పూజ అయ్యాక చర్చి బయట నిలబెట్టిన ప్రతి బండి మీదా ఫాదర్ పవిత్రజలం చల్లుతాడు. ఫ్లోరియాన్ చర్చి సంఘంలో పెద్దమనిషి. మొదటి చోటంటే అతనికి ప్రాణం.

అంతలో గెనొవేఫా ఇంట్లోంచి నీలం సీసా పట్టుకొచ్చింది. మరుగుదొడ్డిలో గార వదిలించే యాసిడ్. "ఇది పోసి ఇనప పీచుతో రుద్దవే. నా బాత్‌రూమ్ చూడు, ఎలా తళతళలాడుతుందో. మీకు ప్రతిదానికీ మెకానిక్కే కావాలి."

బ్రిగీదా సీసా తిప్పి చదివింది. అల్యూమినియం మీద వాడకూడదని ఉంది. పైకే చదివి వినిపించింది. కంచె అవతల పక్కింటి తదేవుష్ చెర్రీలు కోయడం ఆపి వింటున్నాడు.

"అమ్మ చెప్పింది చెయ్యి" అన్నాడు ఫ్లోరియాన్.

"చక్రాన్నే తినేస్తుందండీ."

"నాకు పాఠాలు చెప్పకు. చెప్పింది చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయింది?"

నా సొమ్మే పోతుంది, అనుకుంది బ్రిగీదా. చిత్రం, ఆ మాట అనుకోగానే ఎప్పుడూ లేనంత హాయిగా అనిపించింది. పోనీ. నాతోపాటు నీ పరువు కూడా పోనీ.

"సరే, మీరు చెప్పినట్టే" అంది, తదేవుష్‌కి వినపడేలా.

ఎంత శ్రద్ధగా చేసిందనీ! రబ్బరు తొడుగులు వేసుకుని, పూత పొక్కిన చోటే కాదు, నిక్షేపంలా ఉన్న చోట కూడా ఇనప పీచుతో గీరింది. తర్వాత సీసా వంచింది. చక్రం బుస్సుమని నురగ కక్కింది. ఫ్లోరియాన్ అప్పటికే చర్చి తోరణాల పనికి వెళ్ళిపోయాడు. నాలుగు చక్రాలకూ పోసి, నీళ్ళు కొట్టకుండా వదిలేసి, కాఫీ కలుపుకుని తీరిగ్గా కూర్చుని తాగింది. "చూశావా, ఎలా పొంగుతోందో?" అని అత్తగారు మురిసిపోయింది.

తెల్లారి ఫ్లోరియాన్ చూసి కొయ్యబారిపోయాడు. వెండి రంగు పోయి, నాలుగు చక్రాలూ మసిగుడ్డల్లా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. "అత్తయ్య చెప్పినట్టే చేశాను" అంది బ్రిగీదా. తల్లి పక్కనే ఉంది, ఏమంటాడు? చక్రాలు మార్చే టైము లేదు. మొదటి చోటు వదులుకోవడానికి మనసూ రాలేదు.

పూజ అయ్యాక చర్చి బయట ఫాదర్ నిజంగానే వంగి చూశాడు. "అయ్యో, వీటికేం జబ్బు చేసిందయ్యా? ఎవరిదీ బండి?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తదేవుష్ ఊరికే ఉండి ఉండడు. ఫ్లోరియాన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఆవిడది ఫాదర్" అన్నాడు. "తనే కొనుక్కుంది, తనే తగలేసుకుంది. నాకేం సంబంధం లేదు."

ఇన్నేళ్ళ కాపురంలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. బ్రిగీదా ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"అవును ఫాదర్, నాదే" అని ముందుకొచ్చి తల వంచింది. చల్లటి నీళ్ళు ఆమె మీదా, బండి మీదా పడ్డాయి. తర్వాత మొగుడి వైపు చెయ్యి చాచింది. "తాళం ఇటివ్వు."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు పళ్ళ బిగువున.

"నాదని ఫాదర్ ముందు నువ్వే అన్నావు. కాదని మళ్ళీ ఫాదర్ ముందే చెప్పు, ఇక్కడే నిలబడతాను."

ఫాదర్ చూస్తున్నాడు. ఊరంతా చూస్తోంది. వెనక బండి వాళ్ళు హారన్ కొట్టారు. ఫ్లోరియాన్ తాళం ఇచ్చాడు. ఆమె ఎక్కి సీటు ముందుకు జరుపుకుంది. గెనొవేఫా ముందు తలుపు లాగింది, అది తెరుచుకోలేదు.

ఫ్లోరియాన్ కిటికీ దగ్గర వంగి గొంతు తగ్గించాడు. "సరదా తీరిందిగా. ఎంతసేపట్లో వస్తావు? మధ్యాహ్నం అందరూ భోజనానికొస్తున్నారు."

"సానొక్‌లో మా చెల్లి దగ్గరికెళ్తున్నాను" అంది బ్రిగీదా, గేరు వేస్తూ. "బండీ రాదు, నేనూ రాను."